కోడ్ కబుర్లు: వికటకవిని తిరగేస్తే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న: ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి? మిగతావాటిలో జీతం గొడవలు, కన్సల్టెన్సీ గొడవలు. అన్నీ ఒక సంచిలో వేసుకుని అమీర్‌పేటలో మెట్రో ఎక్కాను. రాయదుర్గంలో దిగేలోపు కొన్ని పక్కన పెట్టాను. ఈసారికి అవి.

ప్రశ్న: జావా పని అయిపోయిందని మా సీనియర్లు అంటున్నారు. పైథాన్ నేర్చుకుంటే ఉద్యోగం గ్యారంటీ అని అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పారు. ఫీజు ముప్పై వేలు. ఏది నేర్చుకోమంటారు మేడమ్?
(బి.టెక్ మూడో సంవత్సరం విద్యార్థి, నల్లగొండ)

జవాబు: తమ్ముడూ, 2001లో నేను మిర్యాలగూడ నుంచి వచ్చి ఎస్సార్ నగర్ హాస్టల్లో దిగిన రెండోరోజే మైత్రీవనం దగ్గర ఇదే ప్రశ్న అడిగాను. కౌంటర్లో ఉన్నాయన తలెత్తకుండా "వీబీ, ఒరాకిల్. కళ్లు మూసుకుని చేరిపోమ్మా" అన్నాడు. వీబీ అంటే విజువల్ బేసిక్, ప్రోగ్రామ్‌లు రాసే భాష. ఒరాకిల్ అంటే డేటా దాచే డేటాబేస్. చేరిపోయాను. అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీల డాట్‌కామ్ బుడగ పేలి, ఉన్న ఉద్యోగాలే ఊడుతున్న రోజులవి. పది నెలలు తిరిగాక నెలకు ఏడు వేలకు దొరికిన మొదటి ఉద్యోగం ఆ వీబీ సిక్స్‌తోనే. 2008 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఆపేసింది. నాకు మొదటి ముద్ద పెట్టిన భాష అది. ఇప్పటి పిల్లల్లో దాని పేరు విన్నవాళ్లు కూడా తక్కువే. నేను మాత్రం ఆ తర్వాత జావాలోకి, సీ షార్ప్‌లోకి, పైథాన్‌లోకి, గో లోకి మారుతూ ఇక్కడే ఉన్నాను. ఆ కౌంటరాయన చెప్పిన రెండింటిలో ఒరాకిల్‌తో వచ్చిన ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష, ఇవాళ పొద్దున కూడా వాడాను. 1970లలో ఐబీఎమ్‌లో పుట్టిన భాష అది. దాని పేరుతో ఎవరూ పెద్ద పెద్ద ఫ్లెక్సీలు కట్టరు, అయినా ఏ ఉద్యోగంలో చేరినా ఎదురుపడుతుంది. ముందు అది నేర్చుకో.

ఇక మీ సీనియర్ల సంగతి. కొత్తదని వాళ్లు అనుకుంటున్న పైథాన్ బయటికొచ్చింది 1991లో. ముసలిదైపోయిందంటున్న జావా వచ్చింది 1995లో. జావా పని అయిపోయిందన్న మాట నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఎస్‌క్యూఎల్ తోడుగా, ప్రోగ్రామ్‌లు రాసే మొదటి భాషగా నీకు నేను జావానే చెబుతాను. అంకె పెట్టాల్సిన చోట మాట పెడితే అక్కడే పట్టుకుని తిడుతుంది, ప్రోగ్రామ్‌ని ముందుకు కదలనివ్వదు. నేర్చుకునే రోజుల్లో ఆ తిట్లు మంచివి. జావాస్క్రిప్ట్ అలా కాదు, మొహమాటం ఎక్కువ. కొటేషన్లలో పెట్టిన 5కి అంకె 3 కలిపితే 53 అంటుంది, అదే తీసేయమంటే 2 అంటుంది. 1995 మే నెలలో నెట్‌స్కేప్ వాళ్లు తొందరపెడితే బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేసిన భాష. ఆ పది రోజుల హడావుడి మనం ఇప్పటికీ మోస్తున్నాం. వాడక తప్పదు, వాడు. మొదటి భాషగా మాత్రం వద్దు.

ఉద్యోగం గ్యారంటీ అన్న బోర్డు కింద ముప్పై వేలు కట్టకు. మీ వీధి చివర కిరాణా కొట్టాయన దగ్గర ఖాతా పుస్తకం ఉంటుంది కదా, దాన్ని ప్రోగ్రామ్‌గా రాయి. మొదటి వారం అంతా సులువుగానే ఉంటుంది. రెండో వారంలో ఒకే పేరుతో ఇద్దరు వస్తారు. ఒకామె రెండొందలు బాకీ ఉండి నూట యాభై ఇచ్చి, పాత సీసా వాపసిచ్చి పది తగ్గించుకుంటుంది. అక్కడినుంచి అసలు పని మొదలవుతుంది.

ప్రశ్న: ఆరు లక్షల ప్యాకేజీ అన్నారు. నెలకు యాభై వేలు వస్తాయని ఇంట్లో చెప్పాను. మొదటి జీతం 37,600 పడింది. నాన్న నన్ను అనుమానంగా చూస్తున్నారు. ఇది మోసమా?
(కొత్తగా చేరిన ఉద్యోగిని, మియాపూర్)

జవాబు: మోసం కాదమ్మా, లెక్క. మీ ఆఫర్ లెటర్ చివరి పేజీ తీసి నాన్నగారి పక్కన కూర్చోండి. యాభై వేలలో ఐదు వేలు వేరియబుల్ అని ఉంటుంది, అది నెలనెలా రాదు, కంపెనీ ఇచ్చినప్పుడు ఇచ్చినంత. మిగిలింది 45,000. మీ బేసిక్ 25,000 అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 3,000 కూడా మీ ప్యాకేజీలోంచే. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ పేరుతో ఇంకో 1,200. ఇక్కడికి 40,800. అందులోంచి మీ వాటా పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200 పోతే సరిగ్గా 37,600. పీఎఫ్ మీ డబ్బే, ఎక్కడికీ పోదు. గ్రాట్యుటీ మాత్రం మామూలుగా ఐదేళ్లు పనిచేస్తేనే చేతికొస్తుంది. రెండేళ్లకోసారి కంపెనీ మారే పిల్లల ప్యాకేజీలో దాన్ని కలిపి చూపించడం నాకెప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

ప్రశ్న: డిగ్రీ అయి రెండేళ్లయింది. లక్షన్నర ఇస్తే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి, రిలీవింగ్ లెటర్, పే స్లిప్పులు అన్నీ ఇస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. ఇంటర్వ్యూలో వెనకనుంచి జవాబులు అందించే మనిషిని కూడా వాళ్లే పెడతారట. మా రూమ్మేట్ అలాగే చేరాడు. అక్కా, నిజం చెప్పండి, అందరూ ఇదే చేస్తున్నారా?
(ఎస్సార్ నగర్ హాస్టల్ నుంచి)

జవాబు: అందరూ చెయ్యట్లేదు తమ్ముడూ. చేసేవాళ్లు తక్కువేమీ కాదు, ఆ మాట దాచను. తప్పని నీకూ తెలుసు, అందుకే ఉత్తరం రాశావు. కాబట్టి ఆ కాగితాలు మా బల్ల మీదికి వచ్చాక ఏమవుతుందో చెబుతాను.

2014 నుంచి పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగికీ యూఏఎన్ అని ఒకటే నంబరు. నువ్వు ఎన్ని కంపెనీలు మారినా ఏ కంపెనీలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నావో ఆ నంబరు కింద వరసగా కనబడుతుంది. చేరేవాళ్ల పాత ఉద్యోగాలు ఆరా తీసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు ముందు అదే అడుగుతున్నాయి. పే స్లిప్పు ప్రింటు కొట్టించగలరు గానీ మూడేళ్ల కిందటి నెలకు ఇవాళ పీఎఫ్ ఎవరు కట్టిస్తారు? చేరిన ఆరు నెలలకు బయటపడి, మధ్యాహ్నం భోజనానికి ముందు లాప్‌టాప్ తీసేసుకుని పంపించేసిన పిల్లల్ని చూశాను. వాళ్లు లిఫ్ట్ దగ్గర నిలబడి ఉంటే మాట్లాడ్డానికి నాకు మాట రాలేదు.

ఇక ఇంటర్వ్యూ. పోయినేడు ఒకబ్బాయి వీడియోలో వచ్చాడు. రెజ్యూమేలో నాలుగేళ్లు. సిస్టమ్‌ల మధ్య సందేశాలు మోసే కాఫ్కా గురించి అడిగితే పుస్తకంలా చెప్పాడు, డేటాబేస్ ఇండెక్సుల గురించి అంతకంటే బాగా చెప్పాడు. ప్రతి ప్రశ్నకూ ముందు ఒకటే వరస: "ఆ... మేడమ్, గుడ్ క్వశ్చన్" అని, స్క్రీన్ కుడి మూలకు చూసి, ఆ తర్వాత జవాబు. చివర్లో తెలుగులో అడిగాను, "ప్రొడక్షన్‌లో ఎప్పుడన్నా ఏమన్నా పగలగొట్టావా నాన్నా?" అని. ప్రొడక్షన్ అంటే జనం నిజంగా వాడుతున్న సిస్టమ్. కళ్లు మూలకు పోయాయి. అటువైపున్న మనిషికి తెలుగు రాదేమో, లేక ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడా దొరకలేదో. కాసేపాగి, "ప్రొడక్షన్ ఈజ్ యాన్ ఎన్విరాన్‌మెంట్..." అని నిర్వచనం మొదలుపెట్టాడు. నాలుగేళ్లు పనిచేసినవాడికి ఆ మాట వినగానే ఒకానొక అర్ధరాత్రి గుర్తొచ్చి ముఖం మారిపోతుంది. ఇప్పటికీ నాకు మారుతుంది.

ఆ లక్షన్నర నీకు హాస్టల్ ఖర్చుకు ఏడాది పైనే వస్తుంది. ఆ ఏడాదిలో సపోర్ట్ ఉద్యోగమైనా సరే, పన్నెండు వేలైనా సరే, నిజంగా పీఎఫ్ కట్టే చోట చేరు. "సపోర్ట్‌లో చేరితే డెవలప్‌మెంట్‌కి రానివ్వరు" అని హాస్టల్లో చెబుతారు. రావడం కష్టమే, నిజమే. నా టీమ్‌లో ఇప్పుడున్న తొమ్మిది మందిలో ఇద్దరు అలా వచ్చినవాళ్లే.

ప్రశ్న: మా అబ్బాయికి ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. అర ఎకరం అమ్మి మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ ఇప్పిద్దామనుకుంటున్నా. ఏఐ వచ్చి ఉద్యోగాలన్నీ పోతాయని టీవీలో చెబుతున్నారు. ఏం చేయమంటారమ్మా?
(రైతు, మహబూబాబాద్ జిల్లా)

జవాబు: అన్నా, పొలం అమ్మొద్దు. టీవీ మాట విని కాదు, లెక్క కుదరక. ఏ బ్రాంచీలో చేరినా ప్రోగ్రామింగ్ నేర్చుకోవచ్చు. మా దగ్గర సివిల్, ఈసీఈ చదివి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. కన్వీనర్ కోటాలో ఏ బ్రాంచి వస్తే అందులో చేర్చండి, లేదా డిగ్రీలో కంప్యూటర్స్ ఇప్పించండి. ఏఐ ఇప్పుడు మేమూ రోజూ వాడుతున్నాం. కొత్తగా చేరినవాళ్లకు ఇదివరకు ఇచ్చే చిన్నాచితకా పని అది చేసేస్తోంది, ఫ్రెషర్లను తీసుకోవడం అందుకే బిగుసుకుంది. మొన్న మా టీమ్‌లో ఒకబ్బాయిని "ఈ లైను ఎందుకు రాశావు?" అంటే "అదే ఇచ్చింది మేడమ్" అన్నాడు. ఆ జవాబుకు జీతం ఇవ్వడం కష్టమవుతోంది. ముందు మీ అబ్బాయికి ఈ పని ఇష్టమో కాదో అడగండి. ఆ సంగతి ఉత్తరంలో ఎక్కడా లేదు.

ప్రశ్న: తెలుగు మీడియంలో చదివాను. కోడ్ రాయగలను కానీ ఇంటర్వ్యూ అంటే టెన్షన్. మీరు ఇంటర్వ్యూ చేస్తే ఏం అడుగుతారు? ఏం చూస్తారు?
(ఎంసీఏ విద్యార్థిని, వరంగల్)

జవాబు: చెల్లెమ్మా, నా ప్రశ్న ఇక్కడ చెప్పేస్తే మళ్లీ కొత్తది వెతుక్కోవాలి. పర్వాలేదు, ఏడేళ్లుగా అడుగుతున్నాను, నాకూ విసుగొచ్చింది.

లాప్‌టాప్ ముందుపెట్టి, "ఒక మాట ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటేనా అని చూసే ప్రోగ్రామ్ రాయి, నీకు వచ్చిన ఏ భాషలోనైనా" అంటాను. అందరికీ వచ్చిన ప్రశ్నే. మాటను తిరగేసి అసలు మాటతో పోల్చితే సరి, పైథాన్‌లో ఒక్క లైను. రెండు నిమిషాల్లో రాసి, ఏదో ఒక ఇంగ్లీషు మాటతో చూపించి, ఇంతేనా అన్నట్టు వెనక్కి వాలతారు. అప్పుడు కీబోర్డు నావైపు తిప్పుకుని "వికటకవి" అని టైప్ చేస్తాను. తెనాలి రామకృష్ణుడి కథ వినని తెలుగు పిల్లలుంటారా? ఎటునుంచి చదివినా వికటకవే. కంప్యూటరు మాత్రం కాదంటుంది.

ఆ క్షణంలో మనిషి ఏం చేస్తాడన్నదే నా ఇంటర్వ్యూ. ఒకాయన నేను స్పెల్లింగ్ తప్పు కొట్టానన్నాడు. ఒకాయన "తెలుగు సపోర్ట్ చెయ్యదు మేడమ్" అని తేల్చేశాడు, ఎదురుగా స్క్రీన్ మీద తెలుగు శుభ్రంగా కనబడుతున్నా. ఇంకొకతను రాసిందంతా చెరిపేసి, అదే పనిని జావాలో పదిహేను లైన్లలో మళ్లీ రాశాడు. అక్కడా అదే జవాబు వచ్చింది.

మూడేళ్ల కిందట ఒకమ్మాయి వచ్చింది, ఇంగ్లీషు తడబడుతూ. కాదన్న జవాబు చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ మాటలోని ఒక్కొక్క అక్షరాన్నీ ఒక్కో లైన్లో ప్రింటు చేయించింది. ఐదు రావాలి కదా: వి, క, ట, క, వి. ఏడు వచ్చాయి. మొదటి లైన్లో వట్టి "వ". రెండో లైన్లో ఒక చుక్కల సున్నా, దాని నెత్తిన గుడి. ముందుకు వంగి, వేలు స్క్రీన్‌కి ఆనించి, ఇంగ్లీషు మర్చిపోయి "అయ్యో, గుడి ఊడిపోయింది మేడమ్!" అంది. నేను నోరు మెదపలేదు. తిరగేసిన మాటను ప్రింటు చేసి చూసుకుంది. చివరి "వి"లోని గుడి దిక్కులేకుండా మొదట్లో నిలబడింది, మొదటి "వి"లోని గుడి పోయి పక్కనున్న "క" మీద కూర్చుని "కి" అయింది. అప్పుడు నవ్వింది.

జరిగేది అదే. మనం ఒకటే అక్షరం అనుకునే "వి" కంప్యూటరు అక్షరాలను గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతికి రెండు: వ ఒకటి, గుడి ఒకటి. "అమ్మ" మనకు రెండక్షరాలు, దానికి నాలుగు: అ, మ, పొల్లు, మ. మన కంటికి ఒక అక్షరంగా కనబడే గుంపును గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు, ఆ గుంపుల లెక్కన తిరగేస్తే వికటకవి మళ్లీ వికటకవి అవుతుంది. ఈ పేరు ఆ అమ్మాయికి తెలియదు. తెలియాలని నేను అనుకోలేదు కూడా. ఆమెకు అప్పటికి వచ్చింది కాలేజీ జావా, కాస్త పైథాన్. మా పని అంతా గో లో. తీసుకున్నాం. గో నేర్చుకోవడానికి ఆమెకు ఐదు వారాలు పట్టింది. తేడా వచ్చినచోట ఆగి ముక్కలుగా విప్పి చూడటం మాత్రం ఐదు వారాల్లో మేం నేర్పగలిగేది కాదు.

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన ఐదారేళ్లకు, జనం పేర్లు తెలుగులో ఎక్కించే ఒక అప్లికేషన్‌లో డేటాబేస్ పని నాది. పేరుకు 30 బైట్లు, అంటే కంప్యూటరు దాచుకునే చోటులో 30 గళ్లు, చాలనుకున్నాను. ఇంగ్లీషు పేరైతే 30 అక్షరాలు పడతాయి. యూనికోడ్‌ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు తింటుందని నాకప్పటికి పట్టలేదు. మొదటిరోజు కౌంటర్లో రమలు, గీతలు ఎక్కారు. శ్రీలక్ష్మి దగ్గర ఆగిపోయింది. శ్రీ, ల, క్ష్మి: చూడ్డానికి మూడక్షరాలు. విప్పితే పదకొండు గుర్తులు, 33 బైట్లు. మన ఊళ్లలో శ్రీలక్ష్మి లేని ఇల్లెక్కడ? మధ్యాహ్నానికి క్యూ గేటు దాటింది, సాయంత్రానికి నన్ను పిలిచారు. ఆరోజు నన్ను తిట్టినంతసేపు ఎవరూ బైట్ల గురించి మాట్లాడలేదు. ఇంటికెళ్లి పెన్నుతో కాగితం మీద శ్రీలక్ష్మిని విడదీసి లెక్కపెట్టుకున్నాను.

ఇంగ్లీషు గురించి భయపడకు. నెమ్మదిగా మాట్లాడు, తెలియనిది తెలియదని చెప్పు. మధ్యలో తెలుగు దొర్లితే హైదరాబాద్‌లో ఎవరూ కొట్టరు. ఒక్కటి మాత్రం చెయ్యి: నీ కోడ్‌లో ప్రతి లైనూ ఏం చేస్తుందో మీ అమ్మగారికి చెబుతున్నట్టు పైకి చెప్పుకుంటూ రాయి. మొదట తెలుగులో, కుదిరాక ఇంగ్లీషులో.

ప్రశ్న: మాన్యువల్ టెస్టింగ్‌లో ఐదేళ్లు చేసి, పాప పుట్టాక మానేశాను. ఆరేళ్లయింది. ఇప్పుడు వయసు 35. గ్యాప్ కనబడకుండా రెజ్యూమే సర్దమని అందరూ సలహా ఇస్తున్నారు.
(గృహిణి, కూకట్‌పల్లి)

జవాబు: సర్దొద్దు. పైన యూఏఎన్ గురించి చెప్పింది మీకూ వర్తిస్తుంది. "పాప పెంపకం కోసం విరామం" అని సంవత్సరాలతో సహా ఒక్క లైను రాసి వదిలేయండి. రెండో బాబు పుట్టాక నేనూ పద్నాలుగు నెలలు ఇంట్లో ఉన్నాను. ఆ తర్వాత ఒక ఇంటర్వ్యూలో మేనేజర్ "పిల్లలకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు?" అని అడిగాడు. వాళ్ల నాన్న చూస్తాడన్నాను. ఉద్యోగం రాలేదు. రాకపోవడమే మంచిదైందని ఇప్పుడు అనుకుంటాను గానీ ఆరోజు లింగంపల్లి స్టేషన్లో రెండు ఎంఎంటీఎస్‌లు వదిలేసి బెంచీ మీద కూర్చుండిపోయాను.

మాన్యువల్ టెస్టింగ్ ఒక్కటే చేసేవాళ్లకు చోటు బాగా తగ్గింది. టెస్టింగ్‌ని ప్రోగ్రామ్‌తో చేయించే సెలీనియంగానీ ప్లేరైట్‌గానీ ఒకటి పట్టుకోండి, దానికి కావలసినంత జావాస్క్రిప్టో పైథానో నేర్చుకోండి. రోజుకు గంటన్నర దొరికితే ఐదారు నెలలు. మీరు రోజూ వాడే కరెంటు బిల్లు పేజీనో, పాప స్కూలు ఫీజు పేజీనో తీసుకుని అందులో ఏమేం తప్పులు జరగొచ్చో ముందు కాగితం మీద రాయండి. ఆ కళ్లు మీకు ఐదేళ్లు పనిచేసి వచ్చినవి, గ్యాప్‌లో పోలేదు. విరామం తర్వాత తిరిగొచ్చే మహిళల కోసమే కొన్ని పెద్ద కంపెనీలు విడిగా ఉద్యోగాలు తీస్తున్నాయి, ముందు వాటికి పెట్టండి. పాత జీతం దగ్గర మాత్రం పట్టుబట్టకండి, మొదటి ఏడాది వరకూ.

ప్రశ్న: పదిహేనేళ్లుగా మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల మీద కోబాల్ భాషలో ప్రోగ్రామ్‌లు రాస్తున్నాను. ఆఫీసులో కుర్రాళ్లు డైనోసార్ అని పేరు పెట్టారు. మారిపోవాలా?
(నానక్‌రామ్‌గూడ నుంచి)

జవాబు: ఆ కుర్రాళ్ల జీతం ఏ బ్యాంకులో పడుతుందో, అక్కడ రాత్రిపూట లెక్కలు ఏ మెషీన్ కడుతుందో ఒకసారి కనుక్కోమనండి. కోబాల్ 1959లో రూపుదిద్దుకుంది. 2020 ఏప్రిల్‌లో, కరోనాకు ఉద్యోగాలు పోయినవాళ్లు భృతి కోసం ఒక్కసారిగా ఎగబడితే, అమెరికాలో న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసినవాళ్లు కాస్త వచ్చి సాయం పట్టండని టీవీలో అడిగాడు.

అయినా ఒక పని చేయండి. మీ క్లయింటు పాత కోడ్‌ని జావాలోకి మారుస్తున్నాడేమో చూడండి. మారుస్తుంటే ఆ ప్రాజెక్టులోకి మీరే ముందు అడిగి వెళ్లండి. అక్కడ జావా తెలిసినవాళ్లు బోలెడుమంది ఉంటారు. ఆ వడ్డీ లెక్కలో మార్చి 31కి వేరే దారి ఎందుకుందో చెప్పగలిగేది మీరొక్కరే అయ్యుండొచ్చు. వెళ్లేముందు మీ డెస్కు మీదున్న ఆ పాత నోట్‌బుక్కులు పారేయకండి. మీ ఉత్తరంలో వాటి గురించి ఒక్క ముక్క లేదు, కానీ కోబాల్ వాళ్ల దగ్గర అవి ఉంటాయని నాకు తెలుసు.